సవరణ: మౌన దినం, చీగాంగ్

ఒకరోజు ధ్యాన శిబిరాల గురించి గత వారం రాసిన పోస్టులో, జాన్ కబాట్-జిన్ 1979లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్రారంభించిన, ఈ క్షణంలో ఎరుకతో ఉండటం నేర్పే ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ కార్యక్రమంలో చీగాంగ్ (శ్వాసతో కలిపి నెమ్మదిగా చేసే చైనా కదలికల సాధన) మొదటి నుంచీ భాగమని చెప్పాను. అది తప్పు. ఆ కార్యక్రమపు బోధన మార్గదర్శకాల ప్రకారం అందులోని కదలికల సాధన హఠయోగం. దానితోపాటు కూర్చుని చేసే ధ్యానం, శరీరంలో ఒక్కో భాగాన్నీ వరుసగా గమనించడం, నెమ్మది నడక ఉంటాయి. ఆరో వారం దాటాక వచ్చే పూర్తిరోజు మౌన సాధన కూడా వీటితోనే సాగుతుంది. యోగాసనాల బదులు చీగాంగ్ చేయించే బోధకులూ ఉన్నారు, అది వారి ఎంపిక. మౌన దినం, చీగాంగ్ రెండూ కలిసినప్పుడు సాధన చాలా బాగుంటుందని నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ మన హఠయోగానికి దక్కాల్సిన చోటును చీగాంగ్‌కు ఇవ్వడం న్యాయం కాదు.

ఇంకొకటి. బాదువాన్‌జిన్ అనే ఎనిమిది కదలికల చీగాంగ్‌ను 'మృదువైన సాధన' అన్నాను. మోకాళ్ల నొప్పులున్నవారూ అన్నీ చేసేయవచ్చని కొందరు అర్థం చేసుకున్నారు. నా ఉద్దేశం అది కాదు. విల్లు లాగుతున్నట్టు చేసే కదలికలో కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి నిలబడాలి. మరొక దానిలో పాదాలను అందుకునేలా ముందుకు వంగాలి. మోకాళ్లు, నడుము నొప్పి, తల తిరుగుడు ఉన్నవారు ముందు వైద్యుడిని అడగండి, శిబిరంలో బోధకుడికీ చెప్పండి. బాదువాన్‌జిన్‌లో కూర్చుని చేసే పద్ధతి కూడా ఉంది, కుర్చీ అడగడానికి మొహమాటపడకండి.