సర్టిఫికెట్‌లోదా, అసలుదా?

ఈ సంగతి ఇప్పటికే మా కాలనీలో నాలుగు రకాలుగా తిరుగుతోంది. ఒకదాంట్లో నేను పోలీసులకు పట్టించానట. ఇంకోదాంట్లో మావాణ్ని జర్మనీ జైల్లో వేశారట. రెండూ అబద్ధమే. ఎటూ పరువు పోయింది కదా, పోయిన తీరన్నా సరిగ్గా తెలియాలని నేనే రాస్తున్నాను.

మావాడు ఇక్కడే బీటెక్ మూడో సంవత్సరం. ఒక సెమిస్టర్ జర్మనీలో చదివే అవకాశం వస్తే ఏప్రిల్‌లో ఆఖెన్ అనే ఊరికి పోయాడు. బెల్జియం, నెదర్లాండ్స్ సరిహద్దుల పక్కనే ఉంటుంది ఆ ఊరు. పోయిన రెండో వారమే మూడు దేశాలు కలిసే గుట్ట ఎక్కి, ఒక కాలు ఒక దేశంలో, ఇంకో కాలు ఇంకో దేశంలో పెట్టి ఫొటో పంపాడు. మొన్నటిదాకా కాజీపేట స్టేషన్‌కు కూడా నన్నే దింపమనేవాడు. వీసా, టికెట్టు, ఇన్సూరెన్సు తిప్పలు రాస్తే అదో భారతం, వదిలేస్తున్నా. ఒక్క బ్లాక్డ్ అకౌంట్ గురించి మాత్రం చెప్పాలి. నెలకు 992 యూరోల లెక్కన ముందే ఒక ఖాతాలో వేయాలి. డబ్బు మనదే, కానీ మనకు కావాలన్నప్పుడు తీయరాదు. అక్కడికి పోయాక నెలకింత అని వాళ్లే వదులుతారు. ముక్కూ మొహం తెలియని చోట లక్షలు వేసి, దానికి మళ్లీ మన చేతులతోనే తాళం వేయించుకోవడం! అసలు దొంగ కూడా అంత ధైర్యంగా అడగడు. అది మాత్రం నేను మారుమాట లేకుండా కట్టాను.

ఇక మొన్నటి ముందు ఆదివారం, మా కాలనీ సంక్షేమ సంఘంలో సైబర్ మోసాల మీద నేనే మాట్లాడాను. ముప్పై ఏళ్లుగా బడిలో జీవశాస్త్రం చెబుతున్నవాణ్ని, ఏ విషయమిచ్చినా ఒక పీరియడ్ నడిపించగలను. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలోనే లేదు, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఓటీపీ మాత్రం కన్నబిడ్డకు కూడా చెప్పొద్దు అన్నాను. ఆ చివరి ముక్కకు చప్పట్లు పడ్డాయి. నిజానికి ఇందులో నా గొప్పేమీ లేదు. ఆ మధ్య ఎవరికి ఫోన్ కలిపినా ముందు ఆ హెచ్చరిక రికార్డే కదా. పెరుగు ప్యాకెట్ తేవాలా అని మా ఆవిడను అడుగుదామని ఫోన్ చేస్తే, అది పూర్తయ్యేసరికి నేను దుకాణం దాటి ఇంటి గేటు దగ్గరుండేవాణ్ని. మిగిలిన జ్ఞానం మా బామ్మర్ది వాట్సాప్‌లో పంపుతాడు. పొద్దున ఆరింటికి ఒకటి, రాత్రి పడుకోబోయే ముందు ఒకటి, బీపీ గోళీల్లాగా.

మొన్న ఆదివారం హంటర్ రోడ్డులో ఒక పెళ్లి. ముహూర్తం అందలేదు, దావత్ అందింది. బయట ఎండ కణకణమంటోంది. లోపల బంతిలో నేను, నా పక్కన బామ్మర్ది, అవతల మా కాలనీ వాళ్లు నలుగురైదుగురు. విస్తట్లో బగార అన్నం పడింది, దాని మీద మటన్ పడింది, మొదటి ముద్ద కలుపుతున్నాను. జేబులో ఫోన్ మోగింది. ఎడమ చేత్తో తీసి చూస్తే ప్లస్ 49తో మొదలయ్యే నంబర్. పేరు లేదు.

మావాడి జర్మనీ నంబర్ పేరుతో సహా నా ఫోన్‌లో ఉంది. కాబట్టి ఇది మావాడు కాదు. ఇంతవరకు నా తర్కంలో లోపం ఎవరైనా చూపిస్తే ఒప్పుకుంటాను.

"ఎత్తకు బావా" అన్నాడు బామ్మర్ది. ఎత్తొద్దంటే ఎత్తాలనిపించే బుద్ధి నాది. కుడి చేయి అన్నంలో ఉంది కనుక స్పీకర్ నొక్కి, ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించాను. ఈ ఒక్క పని చేయకుండా ఉంటే మిగతాదంతా మా ఇంట్లోనే సమసిపోయేది.

"బాపూ! నేనే!"

మావాడు నన్ను బాపు అనడు. మూడేళ్లు నిండేదాకా అన్నాడు. ఎల్‌కేజీలో వేసిన నెలకే టీచర్ డాడీ అనిపించింది. ఆ రోజు మా అమ్మ అన్నం తినలేదు. అప్పటి నుంచి పదిహేడేళ్లుగా నేను డాడీనే. ఫీజు కట్టాలన్నా డాడీనే, బైకు గీరుకుపోయినా డాడీనే. ఇప్పుడు ఎవడో ప్లస్ 49 నుంచి గొంతు చించుకుని బాపూ అంటున్నాడు.

"ఎవరు నువ్వు?" అన్నాను.

"నేనే బాపూ! బయట ఇరుక్కున్న. నా ఫోన్ లోపలున్నది, ఇది వేరేటోళ్ల ఫోన్. జర జల్దీ ఒక నంబర్ చెప్పు. నీ ఫోన్లనే ఉంటది, చూసి చెప్తే చాలు!"

బంతిలో చేతులు ఆగిపోయాయి. వారం కింద నేను చెప్పిన పాఠం వరుస తప్పకుండా వస్తోంది. కొత్త నంబరు. అయినవాళ్ల గొంతు. తొందర పెట్టడం. చివరికి నా ఫోన్‌లోని నంబరు చెప్పమనడం. నా విద్యార్థులు కూడా ఎప్పుడూ ఇంత బాగా అప్పజెప్పలేదు. నిజం చెప్పాలంటే నాకు భయం కాదు, లోపల్లోపల సంతోషం వేసింది. ప్రయోగశాలలో కప్పను కోసి చూపించేందుకు ఇన్నాళ్లకు కప్ప తనంత తానే వచ్చి బల్ల మీద పడుకున్నట్టుంది.

"గొంతు మనోనిదే ఉన్నది గదా" అన్నాడు ఎదుటి వరుసలో ఒకాయన.

"ఏఐతో చేస్తున్నరు సార్. మూడు సెకండ్ల గొంతు దొరికితే చాలంట" అన్నాడు బామ్మర్ది. వీడు ఆ పిల్లాడికి సొంత మేనమామ. పురిటి గుడ్డల్లో ఎత్తుకున్నవాడు.

అంతలో ఫోన్‌లో, వెనక ఎక్కడో, పొడుగ్గా ఒక విజిల్ వినిపించింది. ఆ వెంటనే ఒక ఆడమనిషి గాభరాగా ఏదో భాషలో గడగడా మాట్లాడింది. నాకు అందులో ఒక్క మాట అర్థమైంది. పోలిట్సాయ్.

"పోలీసు!" అన్నాడు బామ్మర్ది, మటన్ బొక్క కింద పెట్టి. "డిజిటల్ అరెస్టు బావా! విజిల్ కూడా వేస్తున్నరు!"

ఇప్పుడు ఆలోచిస్తే, ప్రపంచంలో ఏ పోలీసూ దొంగ ఫోన్‌లో పక్కన నిలబడి విజిల్ వేయడు. కానీ ఆ క్షణంలో అది నాకు తిరుగులేని సాక్ష్యంలా కనిపించింది. ఇంకోసారి విజిల్ పడింది. మావాడు, అంటే అప్పటికి దొంగ, "అయ్యో అయ్యో, ఇంకోటి! బాపూ, నంబర్!" అని ఏడుపు గొంతుతో అరిచాడు. మధ్యలో సిరిసిల్ల అన్నట్టు కూడా వినిపించింది గానీ, అప్పుడే బయట బ్యాండ్ వాళ్లు అందుకున్నారు.

"ప్రశ్న అడుగు బావా. ఇంటోళ్లకే తెలిసిన ప్రశ్న."

అడిగాను. బంతి మొత్తం వింటోందని తెలిసి కాస్త గొంతు సవరించుకునే అడిగాను. "నువ్వు నా కొడుకువే అయితే మీ అమ్మ పుట్టినరోజు ఎప్పుడో చెప్పు."

అవతల నిశ్శబ్దం. విజిల్. మళ్లీ నిశ్శబ్దం. తర్వాత చిన్న గొంతుతో వాడడిగాడు.

"సర్టిఫికెట్‌లోదా, అసలుదా?"

"దొరికిండు!" అన్నాడు బామ్మర్ది. "టైం పాస్ చేస్తుండు. పక్కోణ్ణి అడుగుతుండొచ్చు."

"అసలుదే చెప్పు" అన్నాను జడ్జిలాగా.

"జులై… కాదు… బతుకమ్మ ముంగట గదా… బాపూ, పప్పు మాడిపోతది!"

ఇక నేను లేచి నిలబడ్డాను. ఎంగిలి చేత్తోనే. ఒరేయ్ బాబూ, నువ్వెవడివో నాకు తెలియదు, నీకూ ఒక తల్లి ఉంటుంది, కన్నతల్లి పుట్టినరోజు తెలియనివాడు పెద్ద చదువులు చదివి ఏం లాభం, రెక్కల కష్టం మీద బతకడం నేర్చుకో అని ఓ రెండు నిమిషాలు దంచాను. ఆ అమ్మ ఎవరో పోలీసు వేషమేసిందే, ఆవిడకు కూడా చెప్పు అన్నాను. కట్ చేశాను. నంబర్ బ్లాక్ చేశాను. చప్పట్లు. వడ్డించే పిల్లాడు "మంచిగ చెప్పిండ్రు సార్" అని నాకు ఇంకో గరిటె మటన్ వేశాడు, ముక్కలు చూసి మరీ. ఆ ముక్కల రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. అదే బాధ.

చేతులు కడుక్కునే చోట సబ్బు రుద్దుతుంటే ఆ మాట మళ్లీ చెవిలో మోగింది. సర్టిఫికెట్‌లోదా, అసలుదా?

మా ఆవిడది పరకాల దగ్గర పల్లె. పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. ఆ ఏడు బతుకమ్మకు ముందు పెద్ద వాన పడ్డప్పుడు పుట్టిందని మా అత్తగారు చెబుతుంది. బడిలో వేసేటప్పుడు హెడ్మాస్టరు లెక్క సరిపోయేలా జూన్ 1 అని రాసేశాడు. అలాంటి జూన్ ఒకటి పిల్లలు ఆ తరంలో బడికి పదిమంది ఉంటారు. ఆధార్‌లో జూన్ 1, పాన్‌లో జూన్ 1. ఎక్కడో పరదేశంలో కంప్యూటర్ ముందు కూర్చున్న దొంగ అయితే టక్కున జూన్ 1 అని చెప్పేవాడు. సర్టిఫికెట్‌లోదా, అసలుదా అని అడిగేవాడు, బతుకమ్మ దాకా వచ్చి ఆగిపోయేవాడు ఈ భూమి మీద ఒక్కడే ఉన్నాడు. వాణ్ని నేను బ్లాక్ చేశాను.

పైగా ఆ విజిల్. హన్మకొండ చౌరస్తాలో బేరమాడి కొన్న మూడు లీటర్ల కుక్కర్. సూట్‌కేసులో బట్టలు తీసేసి మరీ పెట్టింది మా ఆవిడ. ఏడాదిగా మా వంటింట్లో రోజూ విన్న కూతే.

తర్వాతి రెండు గంటలు ఎలా గడిచాయో రాయను. బ్లాక్ చేయడం వచ్చినంత సులువుగా అన్‌బ్లాక్ చేయడం రాలేదని మాత్రం చెప్తాను.

సాయంత్రానికి విషయం తెలిసింది. మావాడు పప్పు పొయ్యి మీద పెట్టి, ఉల్లిగడ్డ పొట్టు కింద డబ్బాలో వేసి వద్దామని లుంగీ మీద బయటికొచ్చాడు. అక్కడ చెత్తకు కూడా కులాలున్నాయి. కాగితాలకు ఒక డబ్బా, ప్యాకింగ్ కవర్లకు ఒకటి, పొట్టుకు ఒకటి. వస్తూ వస్తూ అలవాటు కొద్దీ తలుపు దగ్గరికి వేశాడు. ఇక్కడే ఉంది అసలు కిటుకు. మన తలుపుకు మూడు స్థితులు. తెరిచి ఉండటం, గొళ్లెం పెట్టి ఉండటం, మధ్యలో దగ్గరికి వేసి ఉండటం. పక్కింటికి పోయినా, పిల్లి రాకుండా చూసుకోవాలన్నా, ఇంట్లో ఉన్నామో లేమో ఎదుటివాడికి తెలియకూడదన్నా ఆ మూడోదే. ఆ దేశంలో మూడోది లేదట. దగ్గరికి వేస్తే తాళం పడిపోతుంది. బయటి వైపు తిప్పడానికి పిడి ఉండదు, ఊరికే పట్టుకోవడానికి ఒక గుండు ఉంటుంది. తాళం చెవి లేకపోతే మీ ఇంటికి మీరే పరాయి. ఇన్ని కార్లు, ఇన్ని రైళ్లు కనిపెట్టినవాళ్లకు ఒక గొళ్లెం తట్టలేదా అని నాకిప్పటికీ మండుతుంది.

అద్దెకిచ్చిన వాళ్ల ఆఫీసుకు ఆదివారం సెలవు. దుకాణాలూ సెలవే. రెండో తాళం చెవి మావాడితో పాటు ఇక్కడి నుంచి పోయిన సిరిసిల్ల పిల్లాడి దగ్గరుంది, రెండు వీధుల అవతల. వాడి నంబరు మావాడికి గుర్తులేదు. గుర్తున్నది ఒక్క నా నంబరే, చిన్నప్పటి నుంచి మారలేదు కనుక. సిరిసిల్ల పిల్లాడి నంబరేమో నా దగ్గరుంది. శంషాబాద్‌లో దింపినప్పుడు, ఏమో ఏం అవసరం పడుతుందో అని, ముందుచూపుతో నేనే అడిగి రాసుకున్నాను. ఎదురింటి పెద్దావిడ పాపం ఫోన్ ఇచ్చింది. లోపల్నుంచి కూతలు వింటుంటే ఆవిడకు పేలుడు సామానేమో అని అనుమానమొచ్చి పోలీసుల్ని పిలుస్తానంది. నా ఉపన్యాసం ఆవిడ కూడా విన్నది. మీ నాన్న చాలా కోపంగా ఉన్నట్టున్నాడు, ఇంటికి ఆలస్యంగా వెళ్తున్నావా అని అడిగిందట.

చివరికి తాళాలు తీసేవాణ్ని పిలిపించింది. వాడు వచ్చి ఒక ప్లాస్టిక్ రేకును సందులో దూర్చి, నిమిషంలో తలుపు తీశాడు. ఆదివారం రేటుతో కలిపి 280 యూరోలు. మన లెక్కలో పాతిక వేలు దాటింది. ఆ బిల్లు ఫొటో వాట్సాప్‌లో పంపాడు, కింద ఒక్క ముక్క లేకుండా. దాని పక్కనే అడుగు నల్లగా మాడిన కుక్కర్ ఫొటో.

బామ్మర్ది ఆ రాత్రి కూడా ఏమీ జరగనట్టు ఒక హెచ్చరిక పంపాడు. తాళాలు తీస్తామని వచ్చే మోసగాళ్లతో జాగ్రత్త అట.

ఇప్పుడు మావాడు ఫోన్ చేస్తే హలో అనడు. "సర్టిఫికెట్‌లో జూన్ 1, అసలుది బతుకమ్మ ముందు, డాడీ, ఇప్పుడు మాట్లాడొచ్చా?" అంటున్నాడు. మళ్లీ డాడీనే. సంఘం అధ్యక్షుడేమో వచ్చే ఆదివారం పెళ్లిలో జరిగిన అనుభవంతో సహా ఇంకోసారి మాట్లాడమంటున్నాడు. ఆయన ఎగతాళి చేస్తున్నాడో, ఆయనకు ఇంకా సంగతి తెలియదో అర్థం కావడం లేదు.

నిన్న రాత్రి అన్నం దగ్గర మా ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పెరుగు వేస్తూ మెల్లగా అడిగింది.

"వాణ్ని అడిగినవ్ సరే. బతుకమ్మకు ఎన్ని రోజుల ముందో నువ్వు చెప్పు."

జేబులో ఫోన్ మోగింది. కొత్త నంబరు, ప్లస్ 92. వెంటనే ఎత్తాను.