ఫారం 8910 గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఫారం 8910 గారి దివ్యసముఖమునకు,

కాలిఫోర్నియా రాష్ట్రం, ఫ్రీమాంట్ వాస్తవ్యుడు, ఒకప్పటి టయోటా ప్రియస్ హైబ్రిడ్ కారు యజమాని నమస్కరించి రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి. అంటే, నేను కుశలమే. తమరి సంగతే చెప్పలేను. పెట్రోలుతోనూ కరెంటుతోనూ నడిచే హైబ్రిడ్ కారు కొన్నవాడికి అమెరికా ఆదాయపు పన్నులో తగ్గింపు ఇప్పించే కాగితం తమరు. ఆ కార్ల వరకూ తమరి కొలువు 2010 డిసెంబరు 31తోనే ముగిసిపోయింది కదా.

మొన్న గరాజు సర్దుతుంటే పాత టాక్స్ కాగితాల అట్టపెట్టెలో తమరు దొరికారు. సగం నింపి, ఒక చోట పెన్ను గట్టిగా ఒత్తి గీత కొట్టేసి ఉంది. ఆ గీత చూడగానే పాతికేళ్ళు నిండని పగ ఒకటి మళ్ళీ లేచి కూర్చుంది. అందుకే ఈ ఉత్తరం.

2005 ఆగస్టులో బుష్ గారు ఇంధన చట్టం మీద సంతకం పెట్టినప్పుడు మా ఆఫీసు కేఫెటీరియాలో తెలుగువాళ్ళ టేబులంతా సంబరపడింది. అంతకు ముందు హైబ్రిడ్ కొంటే 2,000 డాలర్ల డిడక్షన్ ఉండేది. డిడక్షన్ అంటే ఆదాయంలోంచి తగ్గేది, 25 శాతం శ్లాబు వాడికి చివరికి మిగిలేది 500. తమరు అలాంటి చిల్లర మనిషి కారు. తమరు క్రెడిట్. కట్టాల్సిన పన్నులోంచే నేరుగా కోసేస్తారు. 2006 జనవరి నుంచి కొత్త ప్రియస్ కొన్నవాడికి 3,150 డాలర్లు. ఆ అంకె కూడా ఊరికే వచ్చింది కాదు. 2002 నాటి అదే బరువు బళ్ళతో పోల్చి ఎంత ఎక్కువ మైలేజీ ఇస్తుందో చూసి 2,400, బండి బతికినన్నాళ్ళు మిగిల్చే పెట్రోలు లెక్కగట్టి ఇంకో 750.

ఇన్ని లెక్కలు చూసిన తమరు పంచాంగం మాత్రం చూడలేదు.

ఆ ఏడు ప్రియస్ కావాలంటే డీలరు దగ్గర పేరు రాయించుకుని ఎదురుచూడాలి. నా వంతు సెప్టెంబరు రెండో వారంలో వచ్చింది. ఫోన్ కార్డు గీకి తెనాలిలో నాన్నకి చెప్పాను.

"మహాలయ పక్షాల్లో కొత్త బండేమిట్రా? పెద్దలకి పిండాలు పెట్టే రోజులివి. ఆగు."

ఆగాను. ఆ కారు ఇంకెవరింటికో పోయింది. సెప్టెంబరు 28న ఇంకోటి దిగింది. మళ్ళీ ఫోన్.

"సోమవారం విజయదశమి పెట్టుకుని ఇవాళెందుకురా తొందర? ఇన్నాళ్ళు ఆగినవాడివి నాలుగు రోజులు ఆగలేవూ?"

డీలరుకి అడ్వాన్సు ఇచ్చి, బతిమాలి, అక్టోబరు 2న సంతకాలు పెట్టాను. లివర్‌మోర్ గుడిలో పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించాను. నాన్న ఫోన్‌లోనే ఉన్నాడు. "ఏదీ, స్టార్ట్ చెయ్యి, వింటా" అన్నాడు. చేశాను. హైబ్రిడ్ కదా, చప్పుడు లేదు. "ఏమైందిరా, స్టార్ట్ కాలేదా?" అని ఆయన కంగారు. "అయింది నాన్నా" అని నేను. ముహూర్తం బలం సరిపోలేదేమోనని ఆయనకి ఆ రాత్రంతా టెన్షన్.

రెండు వారాల తర్వాత టీములో ఒక నెల్లూరు పెద్దమనిషి నా కారు చుట్టూ తిరిగి, డోరు తట్టి చూసి, "ఎప్పుడు కొన్నావబ్బాయ్?" అన్నాడు. రెండో తారీకన్నాను. ఆయన ముఖం చావు కబురు విన్నట్టయింది.

అప్పుడు తెలిసింది తమరి అసలు గుణం. ఒక కంపెనీ హైబ్రిడ్లు 60,000 అమ్ముడయ్యే దాకానే తమరు పూర్తిగా ఇస్తారు. ఆ 60,000వ బండి పోయిన త్రైమాసికం, దాని తర్వాతి త్రైమాసికం గడిచాక సగం. ఆర్నెల్లకి అందులోనూ సగం. ఇంకో ఆర్నెల్లకి సున్నా. టయోటా వాళ్ళు ఆ లెక్క 2006 జూన్ లోపే దాటేశారు. కాబట్టి 3,150 సెప్టెంబరు 30 దాకా. అక్టోబరు 1 నుంచి 1,575. ఏప్రిల్ నుంచి 787 డాలర్ల 50 సెంట్లు. ఆ అర్ధ డాలరు దగ్గర తమరి నిజాయితీకి నాకు కళ్ళు చెమర్చాయి.

ఊళ్ళో సత్రం పెట్టినవాడు ఎక్కువమంది వస్తే పప్పులో నీళ్ళు పోస్తాడు, అది సహజం. "మా ఊరి పప్పు బాగుందని అందరూ వస్తున్నారు కాబట్టి ఇక వడ్డన బంద్, పక్క ఊళ్ళో ఎవరూ తినని సత్రం ఉంది, అక్కడికెళ్ళండి" అన్నది మాత్రం తమరే. జనం మెచ్చిన బండికి కోత, మెచ్చని బండికి పూర్తి కానుక. 2008లో ప్రియస్ కొన్నవాడికి తమరిచ్చింది సున్నా. అదే ఏడు గ్యాలనుకు ఇరవై పైచిలుకు మైళ్ళు మాత్రమే ఇచ్చే టాహో అనే భారీ హైబ్రిడ్ బండి కొన్నవాడికి 2,200. దాని సైజుకు అది గొప్పేనట. ఏనుగు ఒక పూట పస్తుంటే ఉపవాసమని హారతి పట్టినట్టుంది.

(తమరి దాయాదుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 2003లో సొంత వ్యాపారం ఉన్నవాడు 6,000 పౌన్లు దాటిన హమ్మర్ లాంటి బండి వ్యాపారానికని కొంటే, మొదటి ఏడే 100,000 డాలర్ల దాకా ఖర్చు కింద రాసుకోవచ్చు. మరీ బాగుండదనుకున్నారేమో, 2004 అక్టోబరులో దాన్ని 25,000కి తగ్గించారు. ఆ దాయాది గారికి 60,000 బళ్ళ కోటా లేదు. త్రైమాసికాల లెక్కా లేదు.)

సరే, జరిగింది జరిగింది. రెండు రోజులకి 1,575 డాలర్లు పోయాయి. అప్పటి రేటుకి డెబ్భై వేల రూపాయల పైమాటే. ఆ కోపమంతా ఎవరి మీద చూపించాలి? తమరు కాగితం, పలకరు. నాన్న పలుకుతాడు.

"నీ ముహూర్తం ఖరీదు డెబ్భై వేలు నాన్నా."

"డబ్బుదేముందిరా, బండి క్షేమంగా తిరుగుతోందా లేదా?" అన్నాడు మొదటిసారి. నాలుగోసారి అనేసరికి ఏమీ అనలేదు. సంక్రాంతికి మా చెల్లెలు ఫోన్ చేసి, "అన్నయ్యా, మనవాళ్ళు గృహప్రవేశానికి మంచిరోజు చూడమంటే నాన్న నావల్ల కాదు, నేను చూసేవి కలిసిరావు అంటున్నాడు. నువ్వేమైనా అన్నావా?" అని అడిగింది. లేదన్నాను.

మార్చిలో టాక్సులు వేయడానికి కూర్చున్నాను. సాఫ్ట్‌వేరులో కారు పేరు, కొన్న తేదీ కొట్టాను. పైన మూలన రిఫండు అంకె కదలాలి. కదల్లేదు. మళ్ళీ కొట్టాను. సెప్టెంబరు 30 అని తప్పుడు తేదీ కొట్టి చూశాను, దేవుడు క్షమించుగాక. అప్పుడూ కదల్లేదు. చివరికి తమరిని ప్రింటు తీసి, పెన్ను పట్టుకుని ఒక్కో గీతా చదువుకుంటూ వచ్చాను. కింద దొరికింది. మామూలు పన్నులోంచి ఏఎంటీ లెక్క ప్రకారం వచ్చిన కనీస పన్ను తీసెయ్యి, ఏమీ మిగలకపోతే ఇక్కడితో ఆగు అన్నారు తమరు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ పూజారే ఏఎంటీ, ఆల్టర్నేటివ్ మినిమం టాక్స్, అంటే ఎన్ని తగ్గింపులున్నా కట్టి తీరాల్సిన కనీస పన్ను. 1969లో, రెండు లక్షల డాలర్ల పైన ఆదాయం ఉండీ ఆదాయపు పన్ను పైసా కట్టని 155 మంది ఉన్నారని ఖజానా కార్యదర్శి కాంగ్రెసుకి చెబితే, ఆ తిమింగలాలకని అల్లిన వల ఇది. ధరలు పెరిగే కొద్దీ వల కన్నాలూ పెంచాలి కదా. ఏటికేడు అతుకులు వేశారు గానీ, దాన్ని శాశ్వతంగా సరిచేసింది 2013లో. ఈలోగా రాష్ట్రానికి బోలెడు పన్ను, ఇంటి పన్ను కట్టి, కంపెనీ ఇచ్చిన స్టాక్ ఆప్షన్లు కొని దాచుకున్న మాలాంటి చేపపిల్లలు అందులో పడ్డాయి. ఆ వలలో పడ్డవాడికి తమరి క్రెడిట్ దక్కదు. వచ్చే ఏడు వాడుకుందామంటే దాచుకోవడానికీ వీల్లేదు, ఆ ఏడే ఆవిరి.

2009లో ఆ నిబంధన సడలించారనీ, ఏఎంటీ వాళ్ళకీ క్రెడిట్ ఇమ్మన్నారనీ విన్నాను. చేతులు కాలాక ఆకులు. ప్రియస్ క్రెడిట్ 2007 సెప్టెంబరు 30నే పోయింది.

ఇంతకీ తమరిని నేను క్షమించని కారణం డబ్బు కాదు. పెట్రోలు కొంత మిగిలింది, కారు పదమూడేళ్ళు తిరిగింది. స్టిక్కరు మీద సిటీలో 60 మైళ్ళన్నది నాకు 46 ఇచ్చింది, దానికీ ఏమీ అనుకోలేదు. నా బాధ వేరు. సెప్టెంబరు 28న కొన్నా సున్నాయే. అక్టోబరు 2న కొన్నా సున్నాయే. పితృపక్షంలో కొన్నా సున్నాయే. మా నాన్న ముహూర్తం ఒక్క సెంటు కూడా పోగొట్టలేదు. అయిదు నెలలు నేను ఆయన్ని సాధించింది తమరెప్పుడూ ఇవ్వదలచుకోని డబ్బు కోసం.

ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, "అయితే డెబ్భై వేలు పోలేదంటావు" అన్నాడు.

"అసలు లేవు నాన్నా, పోవడానికి."

"ఊరికే నా మనసు కుదుటపడాలని అంటున్నావులే" అన్నాడు.

ఇప్పటికీ నమ్మలేదు. ఎనభై నాలుగేళ్ళొచ్చాయి. మొన్న నా కూతురు కారు కొంటున్నానంటే మంచిరోజు చెప్పమని అడిగాను. "మీ దేశంలో మీకు అనువైన రోజు చూసుకోండి" అన్నాడు.

కనుక తమరిని కోరేదేమంటే, డబ్బు వద్దు. తమరి అడుగున కొంచెం ఖాళీ ఉంది. అక్కడ, 2006 అక్టోబరు 2 నాటి ముహూర్తం వల్ల ఈ పన్నుదారుకి కలిగిన నష్టం సున్నా అని, వీలైతే తెలుగులో, కాస్త పెద్ద అక్షరాలతో రాసి, ముద్ర వేసి తెనాలి పంపించవలసింది. ఆయనకి శుక్లాలు తీశారు గానీ చిన్న అక్షరాలు ఇంకా సరిగా ఆనడం లేదు.

ఇట్లు,
ఆ గీత కొట్టినవాడు