లావెండర్ సోమరులకే ఇవ్వాలి

లావెండర్ మొక్కను అడిగినవాళ్లందరికీ అమ్మే పద్ధతి వెంటనే ఆగిపోవాలి. కొనే ముందు పరీక్ష పెట్టాలి. మొక్క ముందు కుర్చీ వేసి, చేతికి నీళ్ల చెంబు ఇచ్చి, గంటసేపు ఊరికే కూర్చోమనాలి. చెంబు వంచినవాళ్లు ఫెయిల్. కునుకు తీసినవాళ్లకు మొక్క ఇచ్చి సగౌరవంగా పంపాలి.

నవ్వకండి. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న రాళ్ల కొండల మీద, ఎవరూ గొప్పు తవ్వకుండా, ఎరువు వేయకుండా పెరిగిన మొక్క ఇది. దాని కోరికలు తక్కువ: రోజుకు కనీసం 6 గంటల నేరుటెండ, ఇసుకో సన్న కంకరో బాగా కలిపిన మట్టి, అడుగున చిల్లున్న కుండీ. నత్రజని ఎక్కువైతే ఆకులు ఏపుగా పెరుగుతాయి కానీ పూలు అంతంతమాత్రం. అంటే మనం ఏమీ పెట్టకపోవడమే దానికి పెట్టుబడి.

ఇలాంటి మొక్క కష్టజీవి చేతిలో పడితే ఏమవుతుందో చూడండి. పుదీనా, తులసి కూడా ఈ కుటుంబానివేనని ఆయన ఎక్కడో చదివాడు. ఇంకేం, పుదీనాకు పోసినట్టే దీనికీ పోస్తాడు. నీళ్లు వృథా కాకూడదని కుండీ కింద పళ్లెం పెడతాడు. ఆ పళ్లెంలో నీళ్లు నిలుస్తాయి, లోపల వేర్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు తడి మట్టిలో ఉన్నా నీళ్లు పీల్చలేదు కాబట్టి మొక్క దాహంతో ఉన్నట్టే తల వాలుస్తుంది. ఆయన గుండె తరుక్కుపోతుంది. ఇంకో చెంబు పోస్తాడు. కింది ఆకులు పసుపురంగుకు తిరిగితే బలం చాలలేదని గుప్పెడు వర్మీకంపోస్టు వేస్తాడు. వడదెబ్బ తగిలిందేమోనని నీడలోకి మార్చి, ఆకుల మీద నీళ్లు చిలకరిస్తాడు. చివరికి వేరుతో సహా పీకి చూసి, నర్సరీవాడు మోసం చేశాడని తేల్చేస్తాడు. ఇంత సేవ చేశాక తప్పు తనదెలా అవుతుంది!

సోమరి ఇంట్లో ఈ టెన్షన్ ఉండదు. నాటిన కొత్తలో వేరు పట్టేదాకా అప్పుడప్పుడు తడిపితే చాలు. ఆ తర్వాత, బుద్ధి పుట్టినప్పుడు రెండు కణుపుల లోతున మట్టిలోకి వేలు దూర్చి చూస్తాడు. తడి తగిలితే వేలు తుడుచుకుని మళ్లీ పడుకుంటాడు. పొడిగా ఉందా, అయితే ఇక తప్పదు, లేచి అడుగు చిల్లులోంచి కారేదాకా పోస్తాడు.

అయితే సోమరికీ ఏడాదికొక గండం ఉంది: కత్తిరింపు. పూత అయిపోగానే పచ్చగా ఉన్న భాగంలో మూడో వంతు దాకా కోసేయాలి. వాయిదా వేస్తే మొక్క కాళ్లు చాపి, నడుమ బోసిపోతుంది. సరే కదా అని ముదిరి కట్టెగా మారినచోట కోస్తే అక్కణ్నుంచి చిగురు రావడం కష్టం. వాయిదాలకు అలవాటు పడినవాడికి ఇది దారుణమైన నిబంధనే.

అందుకని నా ప్రతిపాదన: ఆ ఒక్క రోజుకు కష్టజీవిని అద్దెకు పిలవాలి. కోత కాగానే కత్తెర లాక్కుని గేటు దాటించాలి. కోసినవాటిలో పూత లేని లేత కొమ్మల్ని ఇసుక మట్టిలో గుచ్చితే కొన్ని వారాల్లో వేరు పడుతుందన్న సంగతి మాత్రం ఆయన చెవిన వేయకండి. వేరొచ్చిందో లేదో అని పూటకోసారి పీకి చూస్తాడు.