సోమవారం బండి

కొత్త కారు కొనే కుటుంబం షోరూముకు ఆదివారం వెళ్తుంది. ఖాళీ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు నడిపి చూసి, సంక్రాంతికి ఊరెళ్లడం, తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కడం ఊహించుకుని అడ్వాన్సు కట్టేస్తుంది. మర్నాటి నుంచి ఆ బండికి పడే పని వేరు. ఎల్బీ నగర్ నుంచి బేగంపేట దాకా, గాజువాక నుంచి ఎంవీపీ కాలనీ దాకా, రానూపోనూ రోజుకు ముప్పై అయిదు కిలోమీటర్లు మొదటి గేరుకూ రెండో గేరుకూ మధ్య ఈదాలి. ఏడాదిలో మూడొందల రోజులు చేసే ఈ పనిని బట్టే బండిని ఎంచుకోవాలి. పండక్కి కావాల్సిన ఏడు సీట్ల బండి ఆ నాలుగు రోజులూ అద్దెకు దొరుకుతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. నాలుగు మీటర్లలోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని ఇంజన్ ఉన్నవే ఈ లెక్కలోకి వస్తాయి. అంతకు మించితే 40 శాతం. ధర తగ్గింది కదా అని చాలామంది ఆ మిగులుతో ఒక మెట్టు పెద్ద బండికి ఎగబాకుతున్నారు. లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు, టైర్ల ఖర్చు కూడా అదే మెట్టు ఎక్కుతాయని మరవకూడదు.

డీజిల్ మోజు ఇంకా తీరలేదు. లెక్క వేద్దాం. లీటరు పెట్రోలు 107 రూపాయలు, డీజిలు 96 అనుకోండి. ట్రాఫిక్‌లో పెట్రోలు కారు 14, డీజిలు కారు 18 కిలోమీటర్లు ఇస్తే కిలోమీటరుకు మిగిలేది రెండు రూపాయల ముప్పై పైసలు. ఏడాదికి 10,500 కిలోమీటర్లు తిరిగే వారికి అది సుమారు 24 వేలు. డీజిల్ బండికి లక్షన్నర ఎక్కువ పోస్తే ఆ డబ్బు తిరిగి రావడానికే ఆరేళ్లు దాటుతుంది.

అసలు ముప్పు డబ్బుది కాదు, మసిది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే కాలుష్య నిబంధనల ప్రకారం వస్తున్న డీజిల్ కార్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. అది మసిని పట్టి ఉంచి, నిండాక ఆరేడు వందల డిగ్రీల వేడితో కాల్చేస్తుంది. ఆ వేడి పుట్టాలంటే బండి పావుగంట, ఇరవై నిమిషాలపాటు అరవై పైన ఆగకుండా పోవాలి. ఆఫీసు ఆరు కిలోమీటర్లే ఉన్న మనిషికి ఆ యోగం ఎక్కడిది? కాలడం మొదలవగానే సెల్లార్ వచ్చేస్తుంది, ఇంజన్ ఆగిపోతుంది. మసిని కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మట్టం కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి చూస్తే తగ్గాల్సిన ఆయిల్ పెరిగి ఉంటుంది, వాసన చూస్తే డీజిల్ కంపు కొడుతుంది. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడదు. స్టీరింగ్ ముందున్న మీటర్లో డీపీఎఫ్ పసుపు దీపం వెలిగితే ఔటర్ రింగు రోడ్డు ఎక్కి పావుగంట తిప్పుకురావాలి, అంతే తప్ప దాని మీద స్టిక్కర్ అంటించకూడదు. రోజూ హైవే మీద అరవై, డెబ్బై కిలోమీటర్లు పోయే వారికి మాత్రం డీజిల్ ఇప్పటికీ చక్కని బండే.

ఎడమ కాలి నొప్పి భరించలేక ఆటోమేటిక్ వైపు చూసేవారు ఒకటి అడిగి తెలుసుకోవాలి. చవకగా దొరికే ఏఎంటీ, అంటే మామూలు గేర్లనే తనంతట తాను మార్చుకునే ఆటోమేటిక్‌లో ఉండేది మామూలు క్లచ్చే, తొక్కేది మాత్రం మోటారు. ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగినప్పుడు బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే ఆ క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. రోజంతా ట్రాఫిక్కే అయితే కాస్త ఎక్కువ పెట్టి సీవీటీ (గేరు మెట్లు లేకుండా బెల్టు మీద నడిచేది) గానీ, టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఆయిల్ ద్వారా శక్తిని అందించేది) గానీ తీసుకోవడం మేలు.

రోజువారీ తిరుగుడుకు ఇవాళ అన్నిటికన్నా నప్పేది కరెంటు బండే అని మా అభిప్రాయం, ఇంటి దగ్గర ప్లగ్ పాయింటు ఉంటేనే సుమా. యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు, యూనిట్ ధర తొమ్మిది రూపాయలు, చార్జింగ్‌లో పోయే పదీ పదిహేను శాతం కలిపినా కిలోమీటరుకు రూపాయిన్నర. తెలంగాణలో వీటికి 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు ట్యాక్సు లేదు కూడా. అయితే 30 యూనిట్ల బ్యాటరీ 15 ఆంపియర్ల సాకెట్‌లో నిండాలంటే పది గంటలకు పైనే పడుతుంది. అంతసేపు నిండు లోడు మోయడానికి పాత గీజరు వైరు చాలదు. కరెంటు మీటరు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్), సరైన ఎర్తింగ్ వేయించాలి. సాకెట్‌లో పిన్ను వదులుగా ఉంటే ముందు కరిగేది ప్లగ్గే. సెల్లార్‌లో పాయింటుకు అపార్ట్‌మెంట్ సంఘాలు అడ్డుచెప్పకుండా రెండు రాష్ట్రాలూ స్పష్టమైన నిబంధన తేవాలి. రాయితీల కంటే అది ఎక్కువ బళ్లను రోడ్డెక్కిస్తుంది.

టైర్ల సంగతి ఎవరూ అడగరు. 185/65 ఆర్15 అంటే టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, అంటే 120 మిల్లీమీటర్లు. అదే కారు టాప్ వేరియంట్లో 195/55 ఆర్16 వేస్తే 107కు తగ్గుతుంది. చూడ్డానికి అందం, గుంతలో పడితే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి పక్కగోడ ఉబ్బుతుంది. ఉబ్బిన టైరుకు ప్యాచ్ పనికిరాదు, మార్చాల్సిందే. స్టెప్నీ బదులు పంక్చర్ కిట్ ఇచ్చే బండైతే ఆ రోజు టో వ్యాను పిలవాల్సి వస్తుంది.

టెస్ట్ డ్రైవ్ సాయంత్రం ఆరున్నరకు అడగండి, మీ దారిలోనే. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, ఏసీ వేసి, మీ సెల్లార్ ర్యాంపు దిగి ఎక్కండి. బ్రోషర్లో ముద్రించే గ్రౌండ్ క్లియరెన్స్ చాలాసార్లు ఖాళీ బండిది. అయిదుగురు కూర్చున్నాక అడుగు ఎంత దిగిందో ర్యాంపు అంచే చెబుతుంది. చీకటి పడ్డాక హెడ్‌లైట్ల వెలుగు ఎంత దూరం పడుతోందో, మలుపులో ముందు అద్దం పక్కనున్న స్తంభం బైకును కప్పేస్తోందో లేదో చూసుకోండి. ఇంత సేపు బండి ఇవ్వలేమన్న షోరూమును వదిలి ఇంకో దానికి వెళ్లండి.