సంతకం మీద నిలబడిన షరతు

పలమనేరు, కుప్పం పల్లెల్లో కొడుకును సరిహద్దుకు పంపిన ఇళ్లున్నాయి. కశ్మీర్‌లో కాల్పులని టీవీలో చెబితే, అక్కడి నుంచి ఫోన్ వచ్చేదాకా ఆ ఇళ్లలో టెన్షనే. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ఎవరికి ఏ షరతుపై ఆయుధాలిస్తుందన్నది అందుకే మనకూ సంబంధించిన సంగతి.

పాకిస్తాన్ దగ్గర అణ్వస్త్రం లేదని అమెరికా అధ్యక్షుడు ఏటా రాసిస్తేనే ఆ దేశానికి సైనిక సాయం అందాలని 1985లో ఆ కాంగ్రెస్ చట్టానికి ప్రెస్లర్ సవరణ తెచ్చింది. షరతు మంచిదే. కానీ నిజం తేల్చడం, సంతకం పెట్టడం రెండూ ఒకరికే వదిలేశారు. అఫ్గానిస్తాన్‌లో సోవియట్ సేనలున్నంత కాలం అమెరికాకు పాకిస్తాన్‌తో అవసరం ఉంది, ఏటా సంతకం పడింది. 1989 ఫిబ్రవరిలో ఆ సేనలు వెళ్లిపోయాయి. 1990 అక్టోబరులో సంతకం ఆగిపోయింది, పాకిస్తాన్ డబ్బు కట్టిన 28 ఎఫ్-16 యుద్ధ విమానాలూ ఆగిపోయాయి. అప్పటికే ఆలస్యమైంది. 1998 మేలో పాకిస్తాన్ అణుపరీక్షలు జరిపింది. మరుసటి ఏడే కార్గిల్.

దామలచెరువు మామిడి వ్యాపారి కూడా తోటకు అడ్వాన్సు ఇచ్చేముందు వెళ్లి కాపు చూసుకుంటాడు. ఆయుధాలిచ్చే దేశపు చట్టసభ ఆ మాత్రమైనా చూడాలి. ఆధారాలు సభ ముందుకు రావాలి, సభే తేల్చాలి.

షరతులు పెడితే మిత్రులు దూరమవుతారనేవారు టర్కీని చూపిస్తారు. గ్రీకులు, టర్కులు ఉండే సైప్రస్ దీవిలో 1974లో టర్కీ సేనలు అమెరికా ఆయుధాలతోనే దిగాయి. ఆ దీవిపై తగాదా పడ్డ గ్రీస్, టర్కీ రెండూ అమెరికా ఉన్న సైనిక కూటమి నాటో దేశాలే. 1975 ఫిబ్రవరిలో కాంగ్రెస్ ఆయుధాలు ఆపించింది, టర్కీ కోపంతో అమెరికా స్థావరాల్లో పనులు ఆపేసింది. 1978లో నిషేధం ఎత్తేశారు. సైప్రస్ నేటికీ రెండు ముక్కలే. నిజమే, ఆ షరతు సేనలను వెనక్కి పంపలేకపోయింది. కానీ ఆ తర్వాత టర్కీకి 10 డాలర్లిస్తే గ్రీస్‌కు 7 ఇవ్వాలన్న లెక్కను కాంగ్రెస్ ఏళ్ల తరబడి పట్టుబట్టి నడిపింది. తగాదాలో ఉన్న ఇద్దరిలో ఒకరి బలమే పెరిగిపోకుండా చూసింది. ఇది చిన్న పని కాదు.

ఇప్పుడు మనమూ ఇచ్చే వరసలోకి వచ్చాం. రక్షణ కొనుగోళ్లకు వియత్నాంకు 50 కోట్ల డాలర్ల రుణం 2016లో ప్రకటించాం. 2024 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్‌కు బ్రహ్మోస్ క్షిపణులు పంపాం. దక్షిణ చైనా సముద్రంలో ఇద్దరికీ చైనాతో తగాదా ఉంది. ఇవ్వొద్దని మేం అనడం లేదు. అయితే మన దగ్గర విదేశీ ఒప్పందాలకు పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. ఏ షరతు రాయించుకున్నామో, దాన్ని ఎవరు చూస్తున్నారో సభ అడిగితే తప్ప జనానికి తెలియదు. తిరుపతి, చిత్తూరు ఎంపీలు వచ్చే సమావేశాల్లోనే ఈ ప్రశ్న రాతపూర్వకంగా వేయాలి.