బెంగళూరు విమానాల ఫ్యాక్టరీ 1947 తర్వాత పుట్టింది కాదు

"స్వాతంత్ర్యం వచ్చేనాటికి మనకు గుండుసూది చేయడం కూడా రాదు. విమానాల ఫ్యాక్టరీని ఆ తర్వాత ప్రభుత్వమే సున్నా నుంచి కట్టింది. అంతకుముందు బెంగళూరులో ఉన్నది తెల్లవాళ్ల రిపేరు షెడ్డే." ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ముందు, ఎవరు కట్టారన్నది. ఆ ఫ్యాక్టరీని నడిపిన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ (ఇప్పటి హెచ్‌ఏఎల్) మొదలైంది 1940 డిసెంబరు 23న. పెట్టింది షోలాపూర్‌కు చెందిన వ్యాపారి వాల్‌చంద్ హీరాచంద్. అమెరికా విమానాల వ్యాపారి విలియం పాలీతో పరిచయమయ్యాక, ఆయనతో ఒప్పందం చేసుకుని పని మొదలుపెట్టారు. మైసూరు సంస్థానం స్థలమిచ్చి, వాటా కూడా తీసుకుంది. దివాన్ మీర్జా ఇస్మాయిల్ పట్టుదల లేకపోతే ఆ ఫ్యాక్టరీ బెంగళూరుకు వచ్చేదే కాదని నా నమ్మకం. ఢిల్లీలోని అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం వాటాదారుగా చేరింది 1941లో. జపాన్ సేనలు బర్మాలోకి వచ్చేశాక, 1942 ఏప్రిల్‌లో వాల్‌చంద్ వాటా కొనేసి పెత్తనం తీసుకుంది. అంటే ప్రభుత్వం సున్నా నుంచి కట్టలేదు, నడుస్తున్నదాన్ని తీసుకుంది.

రిపేరు షెడ్డు అన్న మాటలో కొంత నిజముంది. 1943లో ఫ్యాక్టరీ అమెరికా సైన్యం చేతికి వెళ్లాక తయారీ ఆగిపోయి, మరమ్మతులే మిగిలాయి. నీళ్ల మీద దిగే కాటలీనా విమానాలు బెళ్ళందూరు చెరువులో వాలితే, ఒడ్డుకు లాగి ఫ్యాక్టరీకి తెచ్చేవారు. ఇప్పుడు మన పిల్లలు ఐటీ ఉద్యోగాలకు వెళ్లే బెళ్ళందూరే అది.

కానీ అంతకుముందు జరిగింది మెసేజ్‌లో లేదు. కంపెనీ పుట్టిన ఎనిమిది నెలలకే, 1941 ఆగస్టులో, అక్కడ తయారైన హార్లో అనే శిక్షణ విమానం గాల్లోకి లేచింది. 1942 జూలైలో కర్టిస్ హాక్ యుద్ధ విమానం ఎగిరింది. విడిభాగాలు అమెరికావే, దాచాల్సిన పని లేదు. పూర్తిగా మన డిజైన్‌తో వచ్చిన హెచ్‌టీ-2 శిక్షణ విమానం ఎగిరింది 1951 ఆగస్టులో, ఇంజనీరు డాక్టర్ ఘాటగే నాయకత్వంలో. ఆ ఘనత స్వతంత్ర భారతానిదే, కాదనను.

ఇక గుండుసూది. ఇదే వాల్‌చంద్ సింధియా అనే ఓడల కంపెనీ తరఫున విశాఖలో ఓడల యార్డు కూడా మొదలుపెట్టారు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఆ యార్డులో కట్టిన 'జల ఉష' 1948 మార్చి 14న, స్వాతంత్ర్యం వచ్చిన ఏడు నెలలకే, నీళ్లలోకి దిగింది. విశాఖలో 'సింధియా' అని ఇప్పటికీ పిలుస్తున్న ఏరియాకు ఆ పేరు వచ్చింది ఆ కంపెనీ వల్లనే.