2.50కి లేపిన స్మార్ట్‌వాచ్ గారికి

మహారాజశ్రీ మణికట్టు నివాసి స్మార్ట్‌వాచ్ గారి సముఖానికి, నెల్లూరు నుంచి తమ సేవకులు నమస్కరించి రాసుకునే మనవి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు ఛార్జింగు మీద క్షేమంగా ఉన్నారని తలుస్తాం.

ఉభయకుశలోపరి. నిన్న ఆదివారం మధ్యాహ్నం సరిగ్గా రెండూ యాభైకి తమరు బుర్రుమన్నారు. ఈ గంటలో ఇంకా 250 అడుగులు బాకీ ఉన్నాయి, లేవండి అన్నారు. లేచాం. బయట మే నెల. వీధి కుక్కలు కూడా తూముల్లో దూరి పడుకున్నాయి. ఆ 250 అడుగులు ఎక్కడ వేయాలో కూడా సెలవిచ్చి ఉంటే బాగుండేది.

తమరు లేపింది దేన్నో తమకు తెలిసినట్టు లేదు. ఊరికే పడుకున్నారు అనుకున్నారు. ఊరికే పడుకోవడం అంత తేలిగ్గా కుదిరే పని కాదు స్వామీ.

ముందు రోజు రాత్రే మొదలవుతుంది. చేపల పులుసు శనివారం రాత్రి దించితేనే ఆదివారం మధ్యాహ్నానికి చింతపండూ మామిడికాయా ముక్కలోకి దిగేది. చేప వేశాక గరిటె పెట్టకూడదు, ముక్క చిదురైపోతుంది. గుడ్డతో దాక అంచులు రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. సరే, ఇది పొయ్యి దగ్గర వాళ్ల సంగతి. పడుకునేవాళ్ల పని పొద్దున పదకొండుకి.

అప్పటికల్లా పడమటి కిటికీలు మూసెయ్యాలి. వడగాలి వచ్చేది అటునుంచే. వట్టివేళ్ల తడిక ఉన్న ఇల్లయితే అరగంటకోసారి దాని మీద నీళ్లు చల్లాలి. గాలి పొడిగా ఉన్నంతసేపే ఈ వైద్యం పనిచేస్తుంది. నీళ్లు ఆవిరవుతూ గాలిలో వేడి లాగేస్తాయి. మధ్యాహ్నం ఎప్పుడో గాలి తూర్పుకు తిరుగుతుంది, సముద్రం మీంచి తేమ మోసుకొస్తుంది. ఆ తర్వాత కూడా నీళ్లు చల్లితే గది చల్లబడదు, ఒళ్లు జిడ్డుకారుతుంది. కూలరు కొన్నవాళ్లలో సగం మంది బోల్తా పడేది ఇక్కడే. సాయంత్రం అయిదుకి తలుపులన్నీ బిగించి, తొట్టి నిండా నీళ్లు పోసి, ఉక్క పోస్తోందని మెకానిక్‌కి ఫోన్ చేస్తారు. మెకానిక్ ఏం చేస్తాడు, మోటారు విప్పి మళ్లీ బిగించి డబ్బులు తీసుకుంటాడు. గాలి తిరగ్గానే తూర్పు తలుపు తీసి నీళ్లు మానేస్తే చాలు. పడమటి గాలి గట్టిగా తోసే రోజున సముద్రపు గాలి ఆలస్యమవుతుంది. ఎండ 43, 44కి ఎగబాకేది ఆ రోజే, కునుకు మరీ అవసరమయ్యేదీ ఆ రోజే. తమరు బుర్రుమన్నదీ ఆ రోజే.

ఇక మంచం. నులక మంచమైతే వాడేకొద్దీ మధ్యలో ఉయ్యాలలా దిగుతుంది, నడుం పట్టేస్తుంది. కాళ్లవైపు బిగింపు తాడు విప్పి ఒక కొస నుంచి వరసగా లాక్కుంటూ రావాలి. మధ్యలో ఒక్క పేట వదిలితే అక్కడే గుంట. తడి మీద బిగించకూడదు. నార తడిస్తే కుంచించుకుపోతుంది, అప్పుడు బిగువుగానే ఉంటుంది, ఆరాక మళ్లీ జోలె. అలాగని బలం ఉంది కదా అని అదేపనిగా లాగితే పట్టెలు మెలిపడి ఒక కోడు గాల్లోకి లేస్తుంది. ఆ తర్వాత కోడు కింద అట్టముక్క పెట్టుకుంటూ జన్మంతా గడపాలి. కోళ్ల సందుల్లో నల్లులుంటే మరిగే నీళ్లు పోసి మంచాన్ని ఎండలో నిలబెట్టాలి.

ఇన్ని కుదిరాక పట్టే కునుకు ఎంతసేపు? ఇరవై నిమిషాలు. అరగంట దాటితే నిద్ర లోతుకు దిగిపోతుంది, అక్కడ లేపితే తల దిమ్ముగా, నోరు చేదుగా, పొద్దునా సాయంత్రమా తెలియని స్థితిలో లేస్తాం. దీన్ని భుక్తాయాసమని పులుసు మీదికి నెడతారు గానీ పాపం పులుసుది పూర్తి తప్పు కాదు. తిన్నా తినకపోయినా మధ్యాహ్నం ఒంటిగంటకీ మూడింటికీ మధ్య ఒళ్లు ఒకసారి తూగుతుంది. మా ఒంట్లోనూ ఒక గడియారం ఉంది మరి. తమరికన్నా చాలా సీనియరు, ఛార్జింగు కూడా అడగదు.

ఇప్పుడు అసలు మాట. ఆ ఇరవై నిమిషాలు తమ ఖాతాలో నిద్ర కిందికి రాదట. గంటకు తక్కువైతే నిద్రగా రాసుకోని బ్రాండ్లు తమ వంశంలోనే ఉన్నాయి. మంచిది, నిద్ర కాదు. మరి మెలకువా? మెలకువైతే కదలాలి గదా, కదల్లేదు గనక బద్ధకం. అంటే నిద్రపోయినందుకు మార్కులు లేవు, నిద్రపోయినందుకే చీవాట్లు. ఇంత చిన్న కునుకు ఏ గడిలోకీ రాకపోతే తప్పు గడిది అవుతుందా, కునుకుది అవుతుందా? ఆకుపచ్చ దీపం చర్మంలోకి కొట్టి, తిరిగొచ్చిన వెలుగు హెచ్చుతగ్గుల్ని బట్టి గుండె లెక్క చెబుతావు గదా, అది నెమ్మదించిందని నీకు కనబడలేదా? కనబడినా ఏం లాభం! టిష్యూ కాగితం చుట్టకు కడితే దానికీ గుండె కొట్టుకుంటోందని అంకె చూపించిన ఘనులు మీవాళ్లు.

మర్యాద తప్పింది, క్షమించాలి. పొరపాటున కాదులే, కావాలనే.

రోజూ వేయమనే ఆ పదివేల అడుగుల సంగతీ తేల్చుకుందాం. ఏ వైద్యుడు చెప్పాడు? 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపు తగ్గకముందే, 1965లో జపాన్‌లో నడుముకు తగిలించుకునే అడుగుల మీటరొకటి అమ్మకానికి పెట్టారు. పేరు మాన్‌పో-కే. 'పదివేల అడుగుల మీటరు' అని అర్థం. సరుకు పేరులోని అంకె అది. మందుచీటీలోంచి వచ్చింది కాదు. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల ఆడవాళ్లను లెక్కేసి చూస్తే, 4,400 అడుగుల దగ్గరే మేలు కనబడింది, 7,500 దగ్గర ఆ మేలు పెరగడం ఆగిపోయింది. మిగతా 2,500 ఎవరి కోసం వేయాల? యాడికి పోవాల?

ఏందబ్బా నీ గోల! పొద్దున లేస్తే రాత్రి నిద్రకు నూటికి ఇన్ని అని మార్కులు. బాగా పడుకున్నానని లేచినవాడు ఆ అంకె చూసి నీరసపడతాడు. పట్టీ కింద చెమట నిలిచి దురద. మధ్యలో 'ఒక్క నిమిషం ఊపిరి పీల్చండి' అని ఒకటి. అది నువ్వు పుట్టకముందు నుంచీ పీలుస్తానే ఉండాం. నువ్వు మాత్రం గంటన్నర సేపు ఛార్జరు మీద మెత్తగా పొణుకుంటావు. లేవమని ఎవరన్నా బుర్రుమన్నారా నీకు?

సెట్టింగుల్లో కదలమని గుర్తుచేసే మీట ఆపేయొచ్చని తెలుసు. ఆ మీట నాలుగు పేజీల లోపల దాచావని, అప్‌డేట్ వచ్చాక ఒకసారి మళ్లీ చూసుకోవాలని కూడా తెలుసు. ఆపడం లేదులే. పారేయడమూ లేదు. డబ్బులు పోసి కొన్నాం, పైగా చీకట్లో టైం చూసుకోడానికి బాగుంటావు.

ఒక్క మార్పు. నువ్వు అడుగులు లెక్కేసేది కాళ్లు చూసి కాదు, చెయ్యి ఊపు చూసి. వచ్చే ఆదివారం కరెంటు పోతే సముద్రం గాలి తిరిగేదాకా తాటాకు విసనకర్రే గతి. విసిరే చేతికే నిన్ను కట్టుకుంటాం. మంచం దిగం. లెక్కేసుకో.

ఇట్లు,
250 అడుగులు బాకీ ఉన్న
తమ సేవకులు